కంచరగాడిద మీద వచ్చే ఉత్తరం: సుపాయ్‌ని మారుమూల చేసిందెవరు?

అమెరికాలో ఒక ఊరికి ఇప్పటికీ ఉత్తరాలు కంచరగాడిదల మీద వెళ్తాయి. ఆ ఊరి పేరు సుపాయ్. ఎడారి రాష్ట్రమైన అరిజోనాలో, గ్రాండ్ కేన్యన్‌కు చెందిన ఒక పక్క లోయ అడుగున ఉంటుంది. హవాసుపాయ్ అనే ఆదివాసీ తెగ ఊరు అది. పోస్టు ముందుగా పీచ్ స్ప్రింగ్స్ అనే చిన్న పట్నానికి చేరుతుంది. అక్కడి నుంచి వ్యానులో వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, కొండ అంచున రోడ్డు ఆగిపోయే చోటికి వస్తుంది. ఆ తర్వాత మూటలన్నీ గాడిదల వీపుకెక్కుతాయి. 13 కిలోమీటర్ల రాతి దారి, నిట్టనిలువుగా దాదాపు 2,000 అడుగుల దిగుడు.

ఈ కథ మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు, వీడియో అయినా చూసి ఉంటారు. నీలిరంగు జలపాతాలు, వరసకట్టి నడిచే గాడిదలు, కార్డు మీద 'గాడిదల టపా' అని పడే ప్రత్యేకమైన ముద్ర. యాత్రికులు ఆ ముద్ర కోసమే అక్కడి నుంచి కార్డులు రాస్తారు. 'ప్రపంచానికి దూరంగా' అన్న మాట లేకుండా సుపాయ్ గురించిన వ్యాసం దాదాపు కనిపించదు.

ఆ మూటల్లో ఏముందో చూస్తే సరదా కొంచెం తగ్గుతుంది. ఉత్తరాలకంటే సరుకులే ఎక్కువ. తిండి గింజలు, డబ్బాల్లోని ఆహారం, మాంసం, మందులు. పాడైపోయే సరుకు పెట్టడానికి పీచ్ స్ప్రింగ్స్ పోస్టాఫీసులో మనిషి లోపలికి నడిచి వెళ్లేంత పెద్ద ఫ్రీజర్ ఉంది. పోస్టాఫీసులో మాంసం ఫ్రీజర్ ఎందుకుందీ అంటే, ఈ ఊరికి పోస్టే కిరాణా కొట్టు కాబట్టి. హెలికాప్టర్ వస్తుంది గానీ అది రోజూ రాదు, బరువు లెక్కలో డబ్బు తీసుకుంటుంది.

మరి అంత దూరాన, అంత లోతున ఆ మనుషులు ఎందుకున్నారు? వాళ్లకు అలాగే ఇష్టం అనే జవాబు తేలికగా వస్తుంది. వాడ ఊరికి దూరంగా ఎందుకుందీ అని అడిగితే మన దగ్గర వినిపించే జవాబూ అదే కదా!

హవాసుపాయ్ ప్రజలు ఏడాది పొడవునా లోయలో ఉండే జనం కాదు. ఎండాకాలంలో లోయలోకి దిగి, వాగు నీటితో మొక్కజొన్న, చిక్కుళ్లు, గుమ్మడి పండించుకునేవారు. చలికాలం రాగానే పైన పీఠభూమికి ఎక్కేవారు. వేట, కట్టెలు, అడవిలో దొరికే గింజలు, నలుగురితో కలయిక అన్నీ పైనే. లోయ సగం ఏడాది ఇల్లు, పీఠభూమి మిగతా సగం ఏడాది ఇల్లు. 1880లో అమెరికా అధ్యక్షుడు హేస్ ఒక ఉత్తర్వుతో వీళ్లకు 'రిజర్వేషన్' ఇచ్చాడు. (ఆ మాట వినగానే మనకు సీటు, ఉద్యోగం గుర్తొస్తాయి. అక్కడ దాని అర్థం గీత గీసి ఇందులోనే ఉండమనడం.) రెండేళ్లు తిరక్కుండానే 1882లో మరో అధ్యక్షుడు ఆర్థర్ ఆ గీతను ఇంకా కుదించాడు. చివరికి మిగిలింది లోయ అడుగున 518 ఎకరాలు. పీఠభూమి మొత్తం పోయింది. ఒక్క విసునూరు దేశముఖ్ చేతిలోనే 40,000 ఎకరాలు ఉండేవని తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలు చెబుతాయి. ఆ పక్కన పెట్టి చూడండి, ఒక తెగ మొత్తానికి 518.

పోయిన భూమి ఖాళీగా ఉండిపోలేదు. 1893లో అటవీ రిజర్వు అయింది, 1908లో జాతీయ స్మారకం అయింది, 1919లో గ్రాండ్ కేన్యన్ నేషనల్ పార్కు అయింది. పార్కంటే ప్రకృతిని కాపాడటం, దానికి ఎవరు అడ్డు చెబుతారు? అడ్డొచ్చింది అక్కడ ఇళ్లు కట్టుకుని సాగు చేసుకుంటున్న హవాసుపాయ్ మనుషులు మాత్రమే. యాత్రికులు లోయలోకి నడిచే దారి మధ్యలో 'ఇండియన్ గార్డెన్' అని ఒక పచ్చని చోటు ఉండేది. అక్కడ చివరిదాకా నిలబడిన కెప్టెన్ బర్రో అనే హవాసుపాయ్ పెద్దను 1928లో బలవంతంగా వెళ్లగొట్టారు. మనిషిని పంపేశారు, పేరు మాత్రం ఉంచుకున్నారు. ఆ పేరు పెట్టింది తాము కాదని, అది తమను గాయపరిచే పేరని తెగ అడగగా అడగగా 2022 నవంబరులో 'హవాసుపాయ్ గార్డెన్స్'గా మార్చారు. పులుల అభయారణ్యాల పేరిట నల్లమలలో, కవ్వాల్‌లో చెంచులకు, గోండులకు వినిపిస్తున్న భాషకు వందేళ్ల కిందటి రూపం ఇది.

కాబట్టి సుపాయ్ దూరం కొండలు ఏర్పరిచింది మాత్రమే కాదు. రెండు ఇళ్లున్న జనానికి ఒక ఇల్లు తీసేసి, మిగిలిన ఇల్లు చాలా లోతులో ఉంది పాపం అని ఆశ్చర్యపోవడం ఈ 'మారుమూల' కథ. 1910 జనవరిలో వరద వచ్చి ఊరును ఊడ్చేసింది. పైన భూమి ఉన్న రోజుల్లో అయితే ఆ నెలలో ఎక్కువమంది పీఠభూమి మీదే ఉండేవారు. ఈ మాట సుపాయ్ గురించిన యాత్రా వ్యాసాల్లో కనిపించదు.

తెగ ఊరుకోలేదు. దశాబ్దాల పాటు అర్జీలు పెట్టారు, వాషింగ్టన్‌కు తిరిగారు. భూమి తిరిగిస్తే పార్కు పాడైపోతుందని కొన్ని పర్యావరణ సంఘాలు ఎదురు నిలిచాయి. చివరికి 1975 జనవరిలో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో దాదాపు 1,85,000 ఎకరాలు తెగకు తిరిగి వచ్చాయి. 1882 నుంచి లెక్క వేస్తే 93 ఏళ్లు. అమెరికాలో ఒక తెగకు అంత భూమి తిరిగి దక్కడం అరుదు. విద్యార్థి మిత్రులు ఈ గెలుపును విడిగా చదవాలని నా మనవి. మన భూపోరాటాల పాఠాల పక్కన పెట్టదగింది.

అయితే తొంభై మూడేళ్లలో బతుకు లోయ అడుగుకు అతుక్కుపోయింది. బడి, పోస్టాఫీసు, క్లినిక్, ఇళ్లు అన్నీ అక్కడే. భూమి వచ్చినా పైన నీళ్లు లేవు.

ఇప్పుడు జనాభా లెక్కకు వద్దాం. 2010 జనగణన సుపాయ్‌లో 208 మంది ఉన్నారంది. తెగ సభ్యులు మాత్రం ఆరు వందలకు పైనే. మిగిలిన వాళ్లంతా ఏమైనట్టు? కొందరు పని కోసం, వైద్యం కోసం బయట ఉంటారు. పిల్లల సంగతి మరీ కష్టం. ఊళ్లో ఫెడరల్ ప్రభుత్వం నడిపే బడి ఎనిమిదో తరగతి దాకానే. పద్నాలుగేళ్లకు పిల్లలు ఊరు వదలాల్సిందే, ఎక్కడో హాస్టలు బడికో బంధువుల ఇంటికో. ఆ ఉన్న బడిలోనూ చదువు సరిగా లేదని 2017లో విద్యార్థులు ప్రభుత్వం మీదే కేసు వేశారు. ఇల్లు చాలక కొందరు, బడి లేక కొందరు పోయాక మిగిలిన వాళ్లను లెక్కపెట్టి, చూశారా ఎంత చిన్న ఊరో అంటారు.

ఆ లెక్కయినా సరైందా? రిజర్వేషన్లలో ఉండే ఆదివాసుల్లో 5.64 శాతం మంది 2020 లెక్కలో జారిపోయారని జనగణన సంస్థ తానే తర్వాత ఒప్పుకుంది. 2010లో అది 4.88 శాతం. అంటే పదేళ్లలో తప్పు తగ్గకపోగా పెరిగింది. ఇంటి నంబరు లేని ఇళ్లు, ఒకే కప్పు కింద మూడు కుటుంబాలు, ఇంటికి రాని పోస్టు, ఈ మూడూ కలిస్తే మనిషి కాగితం మీద ఉండడు. ఇళ్లకు, పాఠశాలలకు వచ్చే ఫెడరల్ నిధులకు కొలత ఆ కాగితమే.

జనాభా అనే మాటకు ఇంకో వైపు కూడా ఉంది. 1990ల్లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు షుగరు జబ్బు మీద అధ్యయనమని చెప్పి హవాసుపాయ్ ప్రజల రక్తం తీసుకున్నారు. అదే రక్తాన్ని మానసిక వ్యాధుల మీద, తెగ ఎక్కడి నుంచి వలస వచ్చిందన్న దాని మీద పరిశోధనలకు వాడారు. తెలిశాక తెగ కోర్టుకెక్కింది. 2010లో యూనివర్సిటీ 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తం నమూనాలు తిరిగి ఇచ్చింది. ఇల్లు కట్టించడానికి వీళ్లు చాలా తక్కువ మంది, దూరం మనుషులు. పరిశోధనకైతే ఆ తక్కువ, ఆ దూరమే పనికొచ్చాయి.

ఇళ్ల విషయం. లోయలో చదునైన చోటు కొంచెమే, అది వరద దారిలోనే ఉంది. 2008లో, 2010లో, 2022లో, 2024లో వరదలొచ్చాయి. ఒక ఇల్లు కట్టాలంటే ప్రతి పలక, ప్రతి రేకు గాడిద మీదనో హెలికాప్టర్‌లోనో దిగాలి. రిజర్వేషన్ భూమిని తెగ తరఫున ఫెడరల్ ప్రభుత్వం ట్రస్టుగా ఉంచుతుంది కనుక ఆ భూమి మీద బ్యాంకు అప్పు తేలికగా పుట్టదు. మన అసైన్డ్ పట్టాల గొడవ తెలిసినవాళ్లకు ఈ ముడి వెంటనే అర్థమవుతుంది. భూమి పరుల పాలు కాకుండా కాపాడే నిబంధనే ఇల్లు కట్టుకోనివ్వని నిబంధన అవుతుంది. సుపాయ్ ఒక్కటే కాదు. 2017లో అమెరికా గృహనిర్మాణ శాఖ ఇచ్చిన నివేదిక ప్రకారం ఆదివాసీ ప్రాంతాల్లో 16 శాతం ఇళ్లు కిక్కిరిసి ఉన్నాయి. దేశం మొత్తం మీద అది 2 శాతం. ఆ ఇరుకు పోయి, శిథిలమైనవి మారాలంటే 68,000 కొత్త ఇళ్లు కావాలని ఆ నివేదికే తేల్చింది.

ఇల్లు లేకపోతే చిరునామా లేదు, చిరునామా లేకపోతే ఓటుకు కూడా తిప్పలే. సుపాయ్‌లో పోస్టుమ్యాన్ గుమ్మం దాకా రాడు, పోస్టాఫీసుకు వెళ్లి తెచ్చుకోవాలి. చాలా రిజర్వేషన్లలో ఇదే పద్ధతి. మా పేటకు కూడా చిన్నప్పుడు పోస్టుమ్యాన్ వచ్చేవాడు కాదు. ఊళ్లో టీ హోటల్ దగ్గర కట్ట ఇచ్చేసి పోతే, అక్కడికి వెళ్లినవాళ్లు దూరంగా నిలబడి పేర్లు చదివించుకునే వాళ్లు. మా అన్నకు వచ్చిన ఒక ఇంటర్వ్యూ కాగితం అలాగే తేదీ దాటాక చేతికందింది. అందుకని ఈ సంగతి నాకు దూరంగా అనిపించదు.

ఉత్తర డకోటా రాష్ట్రం ఓటు వేయాలంటే గుర్తింపు కార్డు మీద ఇంటి వీధి చిరునామా ఉండాలని చట్టం చేసింది. పోస్టు బాక్సు నంబరు చెల్లదంది. వీధులకు పేర్లే లేని రిజర్వేషన్ల జనం ఏం చేయాలి? 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను ఆపడానికి ఒప్పుకోలేదు. అరిజోనాలోనే 2020లో నవాహో తెగకు చెందిన ఆరుగురు కోర్టుకు వెళ్లారు. పోస్టులో వేసిన ఓటు పోలింగ్ రోజు రాత్రి ఏడింటికల్లా అధికారి చేతికి చేరాలంటున్నారు, మా దగ్గర పోస్టు నెమ్మది కాబట్టి ఆ రోజుకల్లా ముద్ర పడినవాటిని లెక్కపెట్టండి అని అడిగారు. కోర్టులు కుదరదన్నాయి. ఆ రాష్ట్రంలో రిజర్వేషన్ల ఆదివాసులకు ఓటు హక్కు వచ్చిందే 1948లో, అదీ ఫోర్ట్ మెక్‌డవెల్‌కు చెందిన ఇద్దరు కేసు గెలిచాక. ముందు వాళ్లు 'సంరక్షణలో ఉన్నవాళ్లు' కాబట్టి ఓటుకు పనికిరారన్నారు. ఇప్పుడు ఉత్తరం ఆలస్యమైంది అంటున్నారు.

ఇన్ని చెప్పాక, ఆ గాడిద టపాను చులకన చేయను. అది ఉన్నది దయ వల్ల కాదు, చట్టం వల్ల. లాభం రాకపోయినా పల్లెలకు, చిన్న ఊళ్లకు క్రమం తప్పకుండా పోస్టు అందించాలని, నష్టం వస్తోందన్న ఒక్క కారణంతో చిన్న పోస్టాఫీసును మూయకూడదని అమెరికా పోస్టల్ చట్టంలో రాసి ఉంది. ఏ ప్రైవేటు కొరియర్ కంపెనీకీ ఈ బాధ్యత లేదు. మన దగ్గర ఉపాధి కూలి డబ్బులు, ఆసరా పింఛను పోస్టాఫీసు కౌంటర్లో అందుకున్న అవ్వలకు ఈ తేడా ఎవరూ వివరించనక్కర లేదు.

ఆ చట్టం మీదే ఇప్పుడు కన్ను పడింది. 2011లో దాదాపు 3,700 పోస్టాఫీసులు మూసే జాబితా తయారైంది. పల్లెలు తిరగబడితే మూత ఆపి పని గంటలు తగ్గించారు. 2024 చివర నుంచి పోస్టును ప్రైవేటుకు అప్పగించే మాట మళ్లీ అధికారంలో ఉన్నవాళ్ల నోట వినబడుతోంది. 2025 మార్చిలో 10,000 మంది ఉద్యోగులను స్వచ్ఛంద విరమణతో తగ్గిస్తామని ప్రకటించారు. లాభనష్టాల పుస్తకం తెరిచి కూర్చుంటే మొదట కొట్టివేత పడేది గాడిదల మీద వెళ్లే పోస్టుకే.

ఇక రోడ్డు సంగతి ఒకటి ఉంది. సుపాయ్ వాగుకు నీరు పీఠభూమి కింది భూగర్భం నుంచి వస్తుంది. ఆ పీఠభూమి మీద, తెగ పవిత్రంగా చూసే రెడ్ బ్యూట్ కొండకు దగ్గర్లో, పిన్యన్ ప్లెయిన్ యురేనియం గని ఉంది. తమ నీళ్లు విషమవుతాయని హవాసుపాయ్ ప్రజలు ఏళ్ల తరబడి దాన్ని ఎదిరిస్తున్నారు. 2023 ఆగస్టులో ఆ చుట్టుపక్కల భూమిని జాతీయ స్మారకంగా ప్రకటించినా, గని హక్కులు పాతవి కాబట్టి అది ఆగలేదు. 2024 జులైలో ఆ ఖనిజం లారీల్లో, నవాహో భూముల మీదుగా, యూటా రాష్ట్రంలోని మిల్లుకు వెళ్లడం మొదలైంది. దారిలో ఎక్కువ భాగం తారు రోడ్డే.