తెర లాగేవాళ్ల తరఫున ఒక మనవి

న్యూయార్క్, న్యూజెర్సీ తెలుగువారికి,

థాంక్స్‌గివింగ్ వారం వస్తోందంటే మన ఇళ్లన్నీ చుట్టాలతో నిండిపోతాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే టైమ్స్ స్క్వేర్ చూపించి, ఆ పక్కనే ఒక బ్రాడ్‌వే నాటకానికి కూడా తీసుకెళ్తాం. ‘లయన్ కింగ్’కో ‘ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’కో నెలల ముందే టిక్కెట్లు కొంటాం. మంచి సీటు కావాలంటే మనిషికి వంద డాలర్లు దాటుతుంది. ఈ 2007 నవంబరులో అలా కొన్నవాళ్లందరికీ ఒకటే కంగారు. రంగస్థల కార్మికులు సమ్మెకు దిగుతారేమో, నాటకాలు ఆగిపోతాయేమో అని.

మొన్న ఒక స్నేహితుడి ఇంట్లో భోజనాల దగ్గర ఈ మాటే వచ్చింది. “బల్లలు మోసేవాళ్లకు అంతంత జీతాలు దేనికండీ” అని ఒకాయన విసుక్కున్నాడు. మంచి మనిషి, నాటకాలంటే ప్రాణం పెట్టేవాడు. ఆయనకే అలా అనిపించిందంటే మనలో ఇంకెంతమందికి అలా అనిపిస్తోందో అనుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను తెనాలిలో పెరిగాను. సురభి నాటక సమాజం వాళ్లు మకాం వేసినప్పుడల్లా సాయంత్రం ఆట మొదలయ్యేదాకా డేరా వెనకే తచ్చాడేవాణ్ని. ముందు కూర్చుని చూస్తే ‘మాయాబజార్’లో అన్నీ అద్భుతాలే. వెనక నుంచి చూస్తే కనిపించేవి తాళ్లు, కప్పీలు, బరువులు, వాటిని పట్టుకుని చెమటలు కక్కుతున్న మనుషులు. ఒక రంగంలో కిరీటం పెట్టుకున్నవాడే రెండో రంగంలో చొక్కా విప్పి తాడు లాగేవాడు. తాడు అరక్షణం ఆలస్యమైతే పాత్రధారి తల పగులుతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు కనక ఆ చేతులకు అక్కడ నటుడితో సమానమైన గౌరవం ఉండేది. ఆ సమాజానికి నాంది పలుకుతూ కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు ‘కీచక వధ’ ఆడించింది 1885లో. ఆ మరుసటి ఏడే, 1886లో, న్యూయార్కులో తెర వెనక పనివాళ్లు సంఘం పెట్టుకున్నారు. ఈనాడు సమ్మె మాట ఎత్తుతున్న ‘లోకల్ వన్’ ఆ సంఘమే. సురభిలో తాడు పట్టేవాడికి కుటుంబమే అండ. ఇక్కడ కుటుంబం లేదు కాబట్టి సంఘం పెట్టుకోవలసి వచ్చింది. నేను చూసినంతలో తేడా అంతే.

అసలు తగువు ఏమిటో చెప్తాను. కొత్త నాటకాన్ని థియేటర్లోకి ఎక్కించడాన్ని ఇక్కడ ‘లోడ్-ఇన్’ అంటారు. లారీల్లోంచి సెట్టు దింపాలి, వేదిక మీద బిగించాలి, లైట్లు, స్పీకర్లు వేలాడదీయాలి, పైనుంచి దిగే ప్రతి తెరకూ సరిపడా ఎదురు బరువు కట్టాలి. పెద్ద సంగీత నాటకానికైతే ఇది వారాల తరబడి పడుతుంది. పని మొదలైనప్పుడు ఎంతమందిని అనుకున్నారో పని ముగిసేదాకా అంతమందినీ ఉంచాలన్నది పాత ఒప్పందం. ఏ రోజుకు ఎందరు కావాలో అందరినే పిలుస్తామని నిర్మాతలు ఇప్పుడంటున్నారు. ఇంత బరువున్న సామాను మనుషుల తలల మీద వేలాడేచోట చేతులు తగ్గిస్తే ఏమవుతుందని కార్మికులు అడుగుతున్నారు. పైగా ఈ పని మనలాగా ఏడాది పొడుగునా జీతం వచ్చే ఉద్యోగం కాదు. నాటకం మూతపడిన రోజు పనీ మూతపడుతుంది. మళ్లీ ఇంకో నాటకం వచ్చి పిలిచేదాకా ఇంట్లో కూర్చోవాలి. లోడ్-ఇన్‌లో దొరికే ఆ కొన్ని వారాల పనితోనే చాలా ఇళ్లు గడుస్తాయి.

నిర్మాతల వాదనలోనూ నిజం ఉంది. పైనుంచి ఒక్క తెరయినా దిగని నాటకానికి కూడా తెరలు దింపే మనిషిని పెట్టుకోవలసి వస్తోందని వాళ్లంటారు. అది సబబైన ఫిర్యాదే. అయిదు నాటకాలకు నాలుగు పెట్టిన డబ్బు తిరిగి తెచ్చుకోలేవన్న మాట కూడా కొట్టిపారేయలేం. అలాంటివి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టి మాట్లాడుకోవాలి. వదులుకున్నదానికి సరితూగేది ఏదో ఒకటి ఇస్తే తప్ప దేన్నీ వదలం అని సంఘం అంటోంది. బేరానికి కూర్చున్నవాడు అడగవలసిన మాటే కదా అది.

జరిగింది మాత్రం వేరు. పాత కాంట్రాక్టు జూలై ఆఖరుతో ముగిసింది. అక్టోబరు 21న లోకల్ వన్ సభ్యులు, అవసరమైతే సమ్మె చేయవచ్చునని ఒక్క వ్యతిరేక ఓటైనా లేకుండా తీర్మానించారు. మర్నాడు, అక్టోబరు 22 నుంచి, నిర్మాతల లీగ్ తన కొత్త నిబంధనల్లో కొన్నింటిని తనంతట తానే అమల్లో పెట్టేసింది. చర్చలో తేలవలసినదాన్ని చర్చ తెగకముందే రుద్దడం తప్పని నా అభిప్రాయం. ఇంకో సంగతి. ఇలాంటి రోజు వస్తుందని ముందే అనుకుని లీగ్ కొన్నేళ్లుగా 2 కోట్ల డాలర్ల నిధి కూడబెట్టింది. ఆ డబ్బు మనం కొన్న ప్రతి టిక్కెట్టులోంచీ కొన్ని సెంట్ల చొప్పున పక్కన పెట్టినదే. అంటే ఈ తగువులో మనకు తెలియకుండానే మన డబ్బు ఒక పక్షాన చేరింది. అలాంటప్పుడు మన నోటి మాటనైనా న్యాయంగా వాడాలని అడగడం తప్పు కాదనుకుంటాను.

డబ్బు లేక వచ్చిన తగువు కాదిది. 2006-07 సీజనులో బ్రాడ్‌వే టిక్కెట్ల మీద దాదాపు 94 కోట్ల డాలర్లు వచ్చాయి. కోటీ 23 లక్షల టిక్కెట్లు అమ్ముడయ్యాయి. అంతకుముందు ఏ సీజనులోనూ అంత రాలేదు.

సమ్మె అంటూ జరిగితే దెబ్బ ఎవరికి తగులుతుందో కూడా మనకు తెలియనిది కాదు. 2003 మార్చిలో వాద్యకారులు నాలుగు రోజులు సమ్మె చేశారు. వాద్యబృందంలో కనీసం ఎంతమంది ఉండాలన్నదే తగువు. అప్పుడు కూడా తలల లెక్కే. నటులు, రంగస్థల కార్మికులు వాళ్లకు అండగా నిలబడటంతో 18 సంగీత నాటకాలు ఆగిపోయాయి. చివరికి మేయర్ బ్లూంబర్గ్ ఇరుపక్షాలనూ తన అధికార నివాసానికి పిలిపించి రాత్రంతా మాట్లాడిస్తే తెల్లవారేసరికి ఒప్పందం కుదిరింది. ఒక్క రాత్రిలో తేలిపోయేదానికి నాలుగు రోజులు వెలవెలబోయింది బ్రాడ్‌వే పేట. ఆ నాలుగు రోజులూ 46వ వీధి హోటళ్లలో బల్లలు ఖాళీ. దుస్తులు చూసే ఆడవాళ్లకు, సీటు చూపించే ముసలివాళ్లకు, పార్కింగు కుర్రాళ్లకు కూలి లేదు. ఈసారి పండగల ముందు అదే జరిగితే, అది రోజుల్లో కాక వారాల్లో సాగితే, చిన్న నాటకాలు కొన్ని మళ్లీ తెర ఎత్తలేకపోవచ్చు. ఈ సంగతి కార్మికులకు మనకన్నా బాగా తెలుసు. సొంత కోర్కెల కోసం బ్రాడ్‌వేని ఆపిన చరిత్ర 121 ఏళ్ల ఆ సంఘానికి లేదు. 1919లో నటులు సమ్మె చేసినప్పుడు మాత్రం వాళ్లకోసం పని ఆపి బయటికొచ్చారు. ఆనాడు నటులు గెలిచారంటే అందులో ఈ తాళ్లు పట్టిన చేతుల పాలు చాలా ఉంది.

ఇక నేను అడగదలచుకున్నవి.

ఇంట్లో, ఆఫీసులో ఈ మాట వచ్చినప్పుడు “బల్లలు మోసేవాళ్లు” అనకండి. పిల్లల ముందు అసలే అనకండి. సమ్మె మొదలై థియేటరు ముందు కార్మికులు అట్టలు పట్టుకుని నిలబడితే వాళ్లను తోసుకుని లోపలికి పోకండి, గొడవ పెట్టుకోకండి. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లకు నాటకం చూపించాలంటే దారులు లేకపోలేదు. లింకన్ సెంటర్, రౌండబౌట్, మాన్‌హాటన్ థియేటర్ క్లబ్ వంటి లాభాపేక్ష లేని సంస్థలకు కాంట్రాక్టులు వేరు, వాటి నాటకాలు ఆగవు. డిస్నీ వాళ్ల న్యూ ఆంస్టర్‌డాంలో ఆడుతున్న ‘మేరీ పాపిన్స్’ సంగతీ అంతే. ఆఫ్-బ్రాడ్‌వే థియేటర్లు ఎలాగూ ఉన్నాయి. నాటకం లేకపోయినా ఆ పేటకు వెళ్లి భోజనం చేసి రండి. వడ్డించేవాళ్లకు ఈ తగువుతో సంబంధం లేదు.

లీగ్‌కు, లోకల్ వన్‌కు, మేయరుగారి ఆఫీసుకు నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి. రుద్దిన నిబంధనలు పక్కన పెట్టి, పండగలకు ముందే మళ్లీ బల్ల దగ్గర కూర్చోమని అడగండి. ప్రేక్షకులమైన మనం ఈ మాట అడిగితే ఇరుపక్షాలూ వినక తప్పదు. మన సంఘాల్లో నాటకాలు వేసేవాళ్లు ముందుగా రాయాలని నా కోరిక. హైస్కూలు ఆడిటోరియంలో ఒక పరదా సరిగా పడకపోతే ఎంత అల్లాడతామో వాళ్లకే బాగా తెలుసు.

చివరిగా ఒక్కటి. మీ నాటకం ఆగిపోతే టిక్కెట్టు డబ్బులు వాపసు అడగకండి. తేదీ మార్పించుకోండి. తెర మళ్లీ లేచిన రోజున ఆ సీట్లు ఖాళీగా ఉండకూడదు.