నిరుటి చొక్కా ఈ క్రిస్మస్‌కూ సరిపోతే



హన్నా ఏటేటా సమూయేలుకు చిన్న అంగీ కుట్టి తీసుకుపోయేదని మనకు తెలుసు. బిడ్డ ఎదిగాడో లేదో ముందుగా తెలిసేది తల్లికే. మన పల్లెల్లో పత్తి డబ్బు చేతికి రాగానే క్రిస్మస్‌కు కొత్త బట్టలు తీస్తాము. నిరుటి చొక్కా ఈ ఏడూ పొడవు సరిపోతే, డబ్బు మిగిలిందని సంతోషించకండి. నాలుగేళ్లు దాటిన బిడ్డ ఏడాదికి 5 సెంటీమీటర్లయినా పెరగకపోతే డాక్టరుకు చూపించాలి.

ఇందుకు కారణాలు చాలా ఉంటాయి. వాటిలో ఒకటి ఎదుగుదల హార్మోను లోపం. ఈ హార్మోను మెదడు అడుగున శనగగింజంత ఉండే పీయూష గ్రంథిలో పుడుతుంది. రక్తపరీక్షల్లో లోపం తేలితే గ్రంథిని చూడటానికి ఎం.ఆర్.ఐ. స్కానింగు రాస్తారు. ఇది అయస్కాంతంతో తీసే బొమ్మ. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు.

గుంటూరుకో ఒంగోలుకో వెళ్లాక, "కాంట్రాస్ట్ ఇంజెక్షన్ వేస్తాము, సంతకం పెట్టండి" అనగానే మనవాళ్లు బెదిరిపోతారు. కొందరు స్కానింగే వద్దని బిడ్డతో తిరుగు బస్సెక్కుతారు. అది పొరపాటు. అది గాడోలినియం అనే లోహం కలిసిన మందు. గడ్డలుంటే బొమ్మలో తెల్లగా తేలేటట్టు చేస్తుంది. ఇలాంటి మందు 1988లో అమెరికాలో అనుమతి పొందింది. మూత్రపిండాలు బాగున్నవారిలో చాలావరకు ఒక్కరోజులోనే మూత్రంలో పోతుంది. కొద్దిపాటి మెదడులో మిగలవచ్చని తేలడంతో 2017లో యూరపు ఔషధ సంస్థ కొన్ని రకాలను ఆపించాలని తీర్మానించింది. అయితే అలా మిగిలినందువల్ల మెదడుకు హాని జరిగిందని రుజువు కాలేదు.

ప్రతి బిడ్డకూ ఈ సూది అవసరమా? కాదు. గ్రంథి మరీ చిన్నదా, దాని వెనుకభాగం ఉండవలసిన చోటే ఉందా అన్నది సాధారణంగా సూది లేని బొమ్మలోనే తెలుస్తుంది. కాని తలనొప్పి, వాంతులు, చూపు తగ్గడం, అతిదాహం ఉండి గడ్డ ఉందేమోనని డాక్టరు అనుమానిస్తే, లేదా మొదటి బొమ్మలో తేడా కనిపిస్తే సూది కావాలి. అప్పుడు వద్దనకూడదు.

కాబట్టి మేము చెప్పేది ఇంతే. భయపడి పారిపోవద్దు, ఊరకే తల ఊపవద్దు. "అయ్యా, సూది లేని బొమ్మ చాలదా? దేనికోసం వేస్తున్నారు?" అని మర్యాదగా అడగండి. బిడ్డకు మూత్రపిండాల జబ్బు ఉన్నా, ఇంతకుముందు ఏ మందైనా పడకపోయినా ముందే చెప్పండి.

మిరపకోతలు అయ్యాక చూద్దామని ఏళ్లు గడపవద్దు. ప్రయోగశాలలో తయారుచేసిన హార్మోను 1985 నుండి ఉంది. అది ఖరీదైనదే, ఏళ్ల తరబడి సూదులు వేయించాలి. అయితే ఎముకలు ముదిరి పెరగడం ఆగిపోయాక ఎత్తు పెంచలేదు.

పొట్టివాడైన జక్కయ్యను ప్రభువు పేరుపెట్టి పిలిచాడు. పొట్టితనం సిగ్గుపడవలసినది కాదు. వైద్యం ఉండగా బిడ్డ గడువు దాటనివ్వడమే మనం సిగ్గుపడవలసిన సంగతి.