మహానగరపు మురుగు, శివారు చేపలు

కోల్‌కతా నగరపు నేల పడమటనున్న హుగ్లీ నది వైపు కాక, తూర్పునకు వాలి ఉన్నది. అందుచేత నగరంలోని వాననీరైనా, మురుగునీరైనా తూర్పు శివార్ల పల్లానికే పోవలె. ఆ పల్లంలోని మత్స్యకారులు, రైతులు నగరం విసర్జించిన ఆ నీటితోనే చేపలనూ, వరినీ, కూరగాయలనూ పండిస్తున్నారు. సుమారు 12,500 హెక్టార్ల ఈ చిత్తడినేల 2002లో రామ్‌సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ గుర్తింపు పొందినది.

ఇక్కడ మురుగును శుద్ధి చేసేది యంత్రం కాదు, ఎండ. 'భేరీ'లనబడే ఈ చెరువులకు లోతు తక్కువ. మలినాన్ని సూక్ష్మజీవులు విరిచివేయగా ఆ సారంతో నాచు పెరుగుతుంది. నాచు చేపలకు మేత అవుతుంది. చలికాలంలో చెరువును ఎండగట్టి, అడుగు దున్ని, మురుగు పెట్టి, నీరు తేరుకునేదాకా ఆగుతారు. ముందుగా కొద్దిపాటి చేపపిల్లలను వదలి చూస్తారు. అవి బ్రతికితేనే తక్కినవాటిని వదలుతారు. గట్లను అలలు కోసివేయకుండ అంచుల వెంట గుర్రపుడెక్కను పెంచుతారు. మన చెరువులకు పీడగా దాపురించిన ఆ మొక్కే అక్కడ కాపలాదారు! ఏ కళాశాలలోనూ నేర్పని ఈ విద్యను లోకానికి ఎరుకపరచినవాడు ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్ (1947-2018).

వాతావరణం గతి తప్పిన ఈ రోజులలో ఆ విద్యకు కొత్త పరీక్షలు వచ్చినవి. మబ్బు పట్టిన ఉక్కరోజులలో నీటిలో ప్రాణవాయువు తగ్గి, వేకువజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అపుడు మురుగు రాకను కట్టివేయవలె. అంతకంటె చిక్కు వానలతో. 2025 సెప్టెంబరు 23 ఉదయానికి 24 గంటలలో 250 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసి నగరం నీట మునిగినది. ఒకప్పుడు అటువంటి నీరు పరుచుకొన్న భేరీలలో అనేకం 1960వ దశకంలోనే పూడి సాల్ట్‌లేక్ ఉపనగరమైనవి. మిగిలినవాటి రక్షణకు 2006లో శాసనం వచ్చినా, చాటుమాటు పూడ్పులు ఆగలేదు.

వరద వేళ బంతలా వద్ద తూములెత్తి కాలువ మట్టం దించితేనే నగరానికి ఊపిరి. కాని మట్టం దిగితే భేరీలకు నీరెక్కదు. వాటికి చాలవరకు వాటమే ఆధారం. నగరం కోరేది తక్కువ మట్టం, మత్స్యకారులు కోరేది ఎక్కువ మట్టం. పిల్లకాలువలలో పూడిక తీస్తే కొంత తక్కువ మట్టంలోనైనా చెరువులకు నీరందుతుంది. ఆ పూడిక నగరంనుండి వచ్చినదే. తవ్వే ఖర్చు ఎవరిదన్నదే తగవు.