కోట తలుపులు తెరుచుకుని యుద్ధానికెళ్ళే రాజులకో నమస్కారం

మన ఫాంటసీ సినిమాల్లో రాజులందరిదీ ఒకటే జబ్బు. తాతల కాలం నుంచి రాళ్ళు మోయించి అంతెత్తు కోట కట్టించుకుంటారు. చుట్టూ కందకం తవ్విస్తారు. ఏనుగు కుమ్మినా కదలని తలుపులు పెట్టిస్తారు. తీరా శత్రువు రాగానే ఆ తలుపులు బార్లా తెరిచి, ఉన్న సైన్యం మొత్తాన్నీ తీసుకుని ఎదురుగా ఉన్న మైదానంలోకి వెళ్ళిపోతారు! మరి కోట ఎందుకు కట్టినట్టు? పాట తీయడానికా?

ఈ ముక్క ఆఫీసులో అంటే "అరే మామా, ఫాంటసీ సినిమాకి లాజిక్కేంట్రా" అని నవ్వేశారు. ఆ నవ్వుకి జవాబే ఇది. ముందే చెప్తున్నా, నేను ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే మనిషిని. అర్ధరాత్రి సర్వర్లు పడిపోయినప్పుడు తప్ప నేనే యుద్ధమూ చెయ్యలేదు :)

సరే, అందరికీ తెలిసిన సినిమాతోనే మొదలెడదాం. బాహుబలి మొదటి భాగం (2015) నాకూ ఇష్టమే. కాలకేయులు మాహిష్మతి సైన్యం కంటే ఎన్నో రెట్లు ఎక్కువమందితో వస్తుంటారు. తక్కువమంది ఉన్నవాడికి గోడని మించిన స్నేహితుడు ఎవడుంటాడు చెప్పండి? కానీ మనవాళ్ళు గోడ వదిలేసి బయటికొచ్చి త్రిశూల వ్యూహం పన్నుతారు. నూనెలో తడిపిన గుడ్డని శత్రువుల మీదకి విసిరి నిప్పంటించే ఉపాయం ఉందే, అది బ్రహ్మాండం. కాదనను. ఆ ఉపాయమే గోడమీద నిలబడి చేస్తే సగం ప్రాణాలు దక్కేవి కదా అన్నదే నా గోల.

రెండో భాగం (2017) చివర్లో ఇంకో అద్భుతం. తాటిచెట్లు వంచి, డాళ్ళు చుట్టూ పెట్టుకుని బంతుల్లా ముడుచుకున్న మనుషుల్ని కోట లోపలికి విసురుతారు. ఇక్కడ ఇంటర్ ఫిజిక్సు చాలు. గోడ ఎత్తు మరీ తక్కువగా 15 మీటర్లు, అంటే ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ అంత అనుకుందాం. చెట్టు విసురు సంగతి పక్కన పెట్టి, ఊరికే ఆ ఎత్తునుంచి జారిపడ్డా నేలని తాకేసరికి వేగం గంటకి 60 కి.మీ. దాటుతుంది. డాలు ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి? లోపలున్నది మనిషే కదా! అల్వాల్ రోడ్డు మీద 60లో వెళ్ళే బండి గోడకి గుద్దుకుంటే ఏమవుతుందో, వీళ్ళకీ అదే అవుతుంది. సినిమాలో మాత్రం లేచి దులుపుకుని కత్తి దూస్తారు.

ఇది మనవాళ్ళకే ఉన్న రోగం కాదు లెండి. గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి సీజన్లో (2019) వింటర్‌ఫెల్ యుద్ధం చూడండి. రాళ్ళు విసిరే యంత్రాలని కోటలోపల కాకుండా బయట, అదీ సైనికుల ముందు పెట్టారు! గుర్రాలవాళ్ళని చిమ్మచీకట్లోకి పంపించారు. కందకమేమో సైన్యానికి వెనకాల ఉంది. కోట్ల డాలర్లు పోసి తీసినవాళ్ళు "కందకం ఎటువైపు ఉండాలి" అని ఒక్కరిని అడిగినా సరిపోయేది.

ఇహ అసలు విషయం. కోట అంటే బలం చూపించుకునే చోటు కాదు, టైము కొనుక్కునే యంత్రం. లోపలున్నవాడికి కప్పు ఉంది, గింజలున్నాయి, నీళ్ళున్నాయి. బయటున్నవాడికి వేలకొద్దీ నోళ్ళు, గుర్రాలు, ఏనుగులు. ఒక్క ఏనుగుకే రోజుకి వంద కిలోల పైన మేత కావాలి. ఊరకే కూర్చుంటే వాడికే ఖర్చు, వాడికే రోగాలు. అందుకే కోటలో ఉన్నవాడు చెయ్యాల్సిన మొదటి పని.. ఏమీ చెయ్యకపోవడం.

పైగా నిజమైన రక్షణ చూడ్డానికి అందంగా కూడా ఉండదు. మేముండే మచ్చ బొల్లారం దగ్గర్లోనే తిరుమలగిరి ఉంది కదా. 1857 తిరుగుబాటు చూసి భయపడ్డ ఇంగ్లీషువాళ్ళు తర్వాత అక్కడ కందకంతో ఒక రక్షణ శిబిరం కట్టుకున్నారు. అదే తిరుమలగిరిలో సైనికుల జైలు ఒకటుండేది. బురుజులతో అచ్చం కోటలా ఉందని దాన్ని విండ్సర్ క్యాజిల్ అని పిలిచేవాళ్ళు. చూశారా? కోటలా కనిపించేది జైలు, నిజంగా ప్రాణాలు కాపాడ్డానికి నమ్ముకున్నది ఒక గొయ్యి. మన ఆర్ట్ డైరెక్టర్లు మాత్రం ఎప్పుడూ జైలునే కడుతుంటారు.

ఓరుగల్లు కూడా అంతే. మాలిక్ కాఫూర్ 1310లో ముట్టడించినప్పుడు అక్కడ రాతిగోడ కంటే ముందు అడ్డుపడింది మట్టిగోడ. రాళ్ళు విసిరితే ఆ మట్టిగోడ పగలడం లేదని, గుండ్లు తిరిగి ఎగిరిపడుతున్నాయని శత్రువు పక్షాన రాసిన అమీర్ ఖుస్రోనే ఒప్పుకున్నాడు. ఇక రాతికోట దర్వాజాలకి తిన్నగా లోపలికి పోయే దారే ఉండదు. లంబకోణంలో ఒకసారి తిరిగి, మళ్ళీ ఇంకోసారి తిరగాలి. తిరిగే ప్రతిసారీ మీ వేగం తగ్గుతుంది, పైనున్నవాడికి మీ పక్కభాగం దొరుకుతుంది. సినిమా కోటల్లో మాత్రం ద్వారం నుంచి సింహాసనం దాకా నేషనల్ హైవే!

ఇక గోల్కొండ సంగతి. 87 బురుజులు, 8 దర్వాజాలు. బాలాహిసార్ దర్వాజాకి ఎదురుగా అడ్డంగా ఒక గోడ ఉంటుంది, చూసే ఉంటారు. ఏనుగు వచ్చి తలుపుని కుమ్మాలంటే పరిగెత్తుకు రావడానికి దూరం కావాలి. ఆ గోడ ఆ దూరాన్ని మింగేస్తుంది. అంతే దాని పని. దాన్ని కట్టినవాడు ఎవడోగానీ వాడికి నా వేల దండాలు.

నయా ఖిలా కథ ఇంకా బావుంటుంది. 1656లో యువరాజుగా ఉన్న ఔరంగజేబు గోల్కొండ మీదకి వచ్చాడు. కోట బయటున్న ఎత్తు గుట్ట శత్రువుకి పనికొస్తుందని అప్పుడు బాగా తెలిసొచ్చింది. ఆ తర్వాత అబ్దుల్లా కుతుబ్‌షా ఆ గుట్టని కూడా లోపలికి కలుపుకుని కొత్త గోడ కట్టించాడు. మా భాషలో చెప్పాలంటే బగ్ దొరికింది, ప్యాచ్ వేశారు. మూడొందల డెబ్భై ఏళ్ళ క్రితం!

1687లో ఔరంగజేబు చక్రవర్తిగా మళ్ళీ వచ్చాడు. అప్పటికి గోల్కొండలో తానీషా రాజ్యం. ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. ఈ ఎనిమిది నెలల్లో జరిగినవి చూడండి, ఏ రైటరూ ఇంతకన్నా గొప్పగా రాయలేడు.

ఒకటి. మే నెలలో ఒక రాత్రి మొఘల్ సేనాని ఫిరోజ్ జంగ్ మనుషులు చడీచప్పుడు లేకుండా గోడ ఎక్కేశారు. పైకొచ్చినవాళ్ళని చూసి ఒక ఊరకుక్క మొరిగింది. కాపలావాళ్ళు లేచారు, ఎక్కినవాళ్ళని నరికారు, నిచ్చెనలు పడిపోయాయి. తానీషా ఆ కుక్కకి బంగారు గొలుసు వేయించాడని ఖాఫీఖాన్ తన చరిత్రలో రాశాడు.

రెండు. జూన్‌లో మొఘలులు బురుజుల కిందకి సొరంగాలు తవ్వి మందుగుండు కూరారు. లోపలివాళ్ళు పసిగట్టారు. తామూ ఎదురు సొరంగం తవ్వుకుంటూ పోయి, ఒకచోట మందు మొత్తం ఖాళీ చేసి, మిగతా చోట్ల కొంత తీసేసి నీళ్ళు పోశారు. తీరా వత్తి ముట్టిస్తే పేలుడు లోపలికి పోకుండా బయటికి తన్నింది. కోటలోకి దూకడానికి కాచుక్కూర్చున్న మొఘల్ సైనికులే వందలమంది పోయారు. ఆ గందరగోళంలో లోపలివాళ్ళు బయటికొచ్చి కొట్టి, మళ్ళీ లోపలికెళ్ళిపోయారు. గమనించండి.. బయటికొచ్చారు, కానీ పని చూసుకుని వెనక్కెళ్ళారు! వ్యూహం పన్నుకుని మైదానంలో నిలబడలేదు.

మూడు. దొరికిపోయిన మొఘల్ అధికారుల్ని తానీషా చంపలేదు. ధాన్యం గిడ్డంగులు తిప్పి చూపించి, మర్యాదచేసి వెనక్కి పంపించాడు. "మా దగ్గర ఇంత తిండి ఉంది, మీ దగ్గర ఉందా?" అని దాని అర్థం. బయటేమో మొఘల్ శిబిరంలో కరువు, వానలు, మంజీర పొంగి సరుకు ఆగిపోవడం, రోగాలు. ఒక్క బాణం వెయ్యకుండా కొట్టిన దెబ్బ ఇది.

నాలుగు. సెప్టెంబరులో కోట పడిపోయింది. ఎలా? ఫిరంగితో కాదు, తాటిచెట్టుతో అసలే కాదు. అబ్దుల్లాఖాన్ పన్నీ అనే లోపలి అధికారి లంచం తిని అర్ధరాత్రి దాటాక దిడ్డితలుపు తీశాడు.

ఆ రాత్రే అచ్చం మన సినిమా హీరోలాంటివాడు కూడా వచ్చాడండీ. అబ్దుల్ రజాక్ లారీ. ఔరంగజేబు ఆశపెట్టినా లొంగనివాడు. తలుపు తీసిన సంగతి తెలిసి గుర్రమెక్కి దాదాపు ఒంటరిగా శత్రువుల మధ్యకి దూకాడు. ఒంటినిండా డెబ్భై దాకా గాయాలతో పడిపోతే, మెచ్చుకుని ఔరంగజేబే వైద్యుల్ని పంపి బతికించాడు. అంతటి వీరుడు.. కోటని ఒక్క గంట కూడా కాపాడలేకపోయాడు. ఒక్క అరుపుతో ఊరకుక్క కాపాడింది. రజాక్ లారీని తక్కువ చెయ్యడానికి చెప్పట్లేదు. కోటని కాపాడేది మేలుకుని ఉండటం, గింజలు, నీళ్ళు, తలుపు దగ్గరున్న మనిషి నిజాయితీ. వీరత్వం వరసలో చివరికొస్తుంది. అప్పటికే మిగతావన్నీ పోయుంటే దానివల్ల ఒరిగేది పేరే, కోట దక్కదు.

"మరి సినిమాల్లో కూడా ద్రోహి ఉంటాడుగా" అంటారేమో. ఉంటాడు. మీసం మెలేసి, ఒంటికన్నుతో, మొదటి సీనులోనే తెలిసిపోతాడు. వాడొక్కడు లేకపోతే అంతా సవ్యంగా ఉండేదన్నట్టు చూపిస్తారు. నిజంగా జరిగింది వేరు. ప్రధాన సేనాని మీర్ మహమ్మద్ ఇబ్రహీం 1685లోనే మొఘలుల్లో కలిసిపోయాడు. రాజ్యాన్ని నడిపిన అక్కన్న మాదన్నల్ని 1686లో సొంత దర్బారువాళ్ళే కుట్రచేసి గోల్కొండ వీధుల్లో చంపించారు. ముట్టడిలో కూడా సర్దార్లు ఒక్కొక్కరే జారుకున్నారు. పన్నీ చివరివాడు, అంతే. గోడ లోపలివైపు నుంచి కూలడం రెండేళ్ళ ముందే మొదలైంది. ఏ సెక్యూరిటీ ఆడిట్ చేసినవాణ్ణయినా అడగండి, ఫైర్‌వాల్ ఎంత గట్టిదైనా పాస్‌వర్డ్ అమ్ముకునేవాడు లోపలుంటే దండగ.

ఇప్పుడు "ఫాంటసీకి లాజిక్కేంటి" దగ్గరకొద్దాం. మాయాబజార్ (1957)లో ఘటోత్కచుడు శశిరేఖగా మారితే నమ్మలేదూ? అతనికి మాయలొచ్చని ముందే చెప్పారు గనక నమ్మాం. మాయ ఉందని చెప్పి పొయ్యిమీద కుండ బోర్లించి వండితే మాత్రం ఎవడూ ఒప్పుకోడు. ఫాంటసీ అంటే కొన్ని కొత్త నియమాలు, నియమాలే లేకపోవడం కాదు. డ్రాగన్ ఉన్న లోకంలో కూడా ఆకలుంటుంది. నవ్వకపోతే ఇంకోమాట.. మగధీర (2009)లో ఇరుకు వంతెన మీద నిలబడి వందమందిని ఎదిరించడం ఉందే, లెక్క అతిశయోక్తే గానీ ఆలోచన సరైంది. ఎక్కువమందిని ఇరుకు చోటికి రప్పించడమే కోట చేసే పని కూడా.

"గిడ్డంగులు చూపిస్తే ఎవడు చూస్తాడు" అనేది ఇంకో వాదన. చీకట్లో నిచ్చెనల మీద మనుషులు, పైన పడుకున్న కుక్క.. దీన్ని మించిన సస్పెన్సు ఏముంది? భూమిలోపల రెండు సొరంగాలు ఒకదానికొకటి దగ్గరవుతుంటే, నేలకి చెవి ఆనించి వింటున్న మనిషి మొహం మీద కెమెరా పెడితే చాలు. గ్రాఫిక్సు ఖర్చు కూడా మిగులుతుంది.

నాకు నిజంగా మండేది లాజిక్కు గురించి కాదు. ఆ ఎదురు సొరంగం తవ్వినవాళ్ళ పేరు మనకెవరికీ తెలీదు. తడిమందుని చేతుల్తో ఎత్తిపోసినవాళ్ళు, గుట్టమీదకి నీళ్ళు చేర్చినవాళ్ళు, ఎనిమిది నెలలు గింజలు లెక్కపెట్టి పంచినవాళ్ళు, ఓరుగల్లు మట్టిని రాయికంటే గట్టిగా తొక్కినవాళ్ళు.. వీళ్ళంతా తెలివైనవాళ్ళు. మన తాతముత్తాతల్లో ఎక్కువమంది అలాంటివాళ్ళే గానీ, సింహాసనం మీద కూర్చున్నవాళ్ళు కాదు. మన సినిమా చేస్తున్నదేంటంటే వీళ్ళందరి బుర్రనీ కొట్టేసి, ఆ చోట ఒక్క హీరో కండలు పెడుతోంది. జనమేమో వెనకాల జై కొట్టే గుంపుగా మిగిలిపోతారు. చూసి చూసి మనకీ కోటంటే సెల్ఫీకి వెనకాల ఉండే రాళ్ళగుట్ట అయిపోయింది. అర్థం తెలియని గోడ కూలితే ఎవడికి బాధ?

అందుకే ఒక విన్నపం. ఈసారి గోల్కొండ వెళ్ళినప్పుడు గుమ్మటం కింద చప్పట్లు కొట్టి, పైకెక్కి ఫొటో దిగి వచ్చెయ్యకండి. బాలాహిసార్ దర్వాజా ముందు ఒక్క నిమిషం ఆగి, మీరే ఏనుగైతే ఎటునుంచి పరిగెత్తుకొస్తారో చూసుకోండి. పిల్లలు పక్కనుంటే వాళ్ళనీ అడగండి. జవాబు దొరికాక ఇంటికొచ్చి మీకిష్టమైన కోట సినిమా మళ్ళీ పెట్టుకోండి. రాజుగారు తలుపులు తెరిచి బయల్దేరే సీను వచ్చినప్పుడు మీకు ఈలెయ్యాలనిపిస్తుందో, నెత్తి కొట్టుకోవాలనిపిస్తుందో చూద్దాం.

మీరేమంటారు?