కోరింగ కాలువల్లో షికారు పడవలకు పగ్గమేదీ?

కాకినాడ: కోరింగ తీరంలో పడవ షికారుకు అనువైన నెలలూ, సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలలూ ఒకటే కావడం పెద్ద చిక్కయి కూర్చుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపానుల భయం. 1996 నవంబరు 6 రాత్రి తీరం దాటిన తుపానులో వెయ్యిమందికి పైగా మరణించారు. వేటకు వెళ్ళిన జాలర్లెందరో తిరిగి రాలేదు. ఏప్రిల్ వస్తే ఎండ, ఉక్క. కనుక మడ అడవుల్లో తీరికగా తిరిగి, పిట్టలను ఫొటోలు తీసుకోవాలనుకునేవారు జనవరి నుంచి మార్చి వరకు ఉన్న రోజులనే ఎంచుకుంటారు.

తాబేలు హోప్ ఐలాండు ఇసుక ఎక్కేదీ ఆ రోజుల్లోనే. గోదావరి తెచ్చిన ఇసుకతో రెండు వందల ఏళ్ళకు పైగా పెరుగుతూ వచ్చిన దిబ్బ అది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. కాకినాడ రేవుకు అలల నుంచి అదే అడ్డుగోడ. తాబేలు గాలి పీల్చుకోవడానికి నీటిపైకి రాక తప్పదు. ఆ సమయంలో వేగంగా పోయే మరపడవ పంకా తగిలితే డిప్ప పగిలిపోతుంది. రాత్రివేళ గట్టెక్కిన తాబేలుపై లైటు వేస్తే గుడ్లు పెట్టకుండానే వెనుదిరగవచ్చు. గుడ్డులోంచి బయటపడిన పిల్లలు వెలుతురు ఉన్న వైపే నడుస్తాయి. ఒడ్డున దీపాలుంటే సముద్రం వైపు పోక, కుక్కల పాలవుతాయి.

కాలువల లోపలి సంగతి మరొకటి. నీరు తీసినప్పుడు బురద మేటలు బయటపడతాయి. చలికాలంలో ఉత్తర దేశాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చే ఉల్లంకి పిట్టలకు ఆ కొద్ది గంటలే మేత వేళ. ఫొటో కోసం పడవను దగ్గరకు పోనిస్తే గుంపంతా లేచిపోతుంది. రెక్కలు విప్పిన ఫొటో బాగానే వస్తుంది, పిట్టకు మాత్రం పూట తిండి పోతుంది. నీటికుక్క, బావురుపిల్లి అయితే ఇంజను చప్పుడు వినగానే మడలోకి తప్పుకుంటాయి. వాటిని చూడాలంటే గెడవేసి నడిపే నావే నయం.

జాలర్ల బాధ వేరు. 1978లో ఇక్కడ అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అప్పటి నుంచి అడవిలో కట్టె కొట్టినా తప్పే. పైగా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట ఆపాలి. ఆ నిషేధం వేటకే గాని షికారుకు కాదు. కాలువలో వేసిన వలను షికారు పడవ పంకా కోసుకుపోతే ఆ నష్టం ఎవరు భరించాలి? కట్టుబాట్లు పేదవాడి తెడ్డుకేనా, డబ్బున్నవాడి ఇంజనుకు లేవా అని జాలరి అడిగితే తప్పు పట్టలేం.

ప్రాణభయం సంగతీ ఉంది. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీద ఉండగా పాపికొండలకు బయలుదేరిన బోటు కచ్చులూరు వద్ద మునిగింది. అందులోని 77 మందిలో 26 మందే బతికి బయటపడ్డారు. అది నది, ఇక్కడ మొగ దాటితే సముద్రమే. ఒంటికి తగిలించుకోని లైఫ్ జాకెట్టు పడవలో ఎన్ని ఉన్నా లేనట్టే.

షికారును మాన్పించనక్కర లేదు. కాలువల్లో వేగానికి హద్దు పెట్టి, గుడ్ల కాలంలో హోప్ ఐలాండు ఒడ్డుకు రాత్రి పడవలు చేరకుండా చూస్తే చాలావరకు సరిపోతుంది. ఏ కాలువ ఏ ఘడియకు ఎండుతుందో, ఏ గాలికి మొగ దాటకూడదో గాడిమొగ, భైరవపాలెం సరంగులకు తెలిసినంతగా బయటివారికి తెలియదు. బయటి పడవ ఏది వచ్చినా ఆ ఊళ్ళ సరంగును ఎక్కించుకోవాలన్న నిబంధన పెట్టాలి. అతడు వద్దన్నచోట పడవ ఆగాలి.