మిర్యాలగూడ సీటు తిరిగి ఇవ్వండి

2009 నుంచి లోక్‌సభలో మిర్యాలగూడ పేరు లేదు. ఆ సీటును ఓటరు కాదనలేదు, ఏ ఉద్యమమూ వద్దనలేదు. జస్టిస్ కుల్దీప్ సింగ్ నేతృత్వంలోని నియోజకవర్గాల పునర్విభజన కమిషన్ పటం మీద గీతలు మార్చింది. 2008లో ఆ గీతలు అమల్లోకి వచ్చాయి. పన్నెండు ఎన్నికలు చూసిన నియోజకవర్గం మాయమైంది. ఇక్కడి నాయకులు ఒక్కరోజు కూడా రోడ్డు మీద కూర్చోలేదు. ఎందుకు కూర్చుంటారు? సీటు పోతే వాళ్లకు ఇంకో సీటుంటుంది. 1999లో, 2004లో ఇక్కడ గెలిచి కేంద్రమంత్రి కూడా అయిన జైపాల్‌రెడ్డి 2009లో చేవెళ్లకు వెళ్లి అక్కడ గెలిచారు. మిర్యాలగూడ ఓటరు ఎక్కడికి పోవాలి?

పోయింది ఉత్త పేరేనా? 1971 ఎన్నికలు గుర్తు చేసుకోండి. తెలంగాణలో తెలంగాణ ప్రజాసమితి పది సీట్లు గెలిచింది. పక్కనున్న నల్గొండ కూడా కంచర్ల రామకృష్ణారెడ్డిని ప్రజాసమితి తరఫునే పంపింది. మిర్యాలగూడ మాత్రం మార్క్సిస్టు పార్టీకి చెందిన భీమిరెడ్డి నర్సింహారెడ్డిని గెలిపించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలు నడిపిన ఆయనను, జనం పిలుచుకునే బీఎన్‌ను, 1984లో, 1991లో మళ్లీ గెలిపించింది. నచ్చనప్పుడు జి.ఎస్. రెడ్డినీ, బద్దం నర్సింహారెడ్డినీ కాంగ్రెస్ గుర్తు మీద పంపింది. 1998లో నల్గొండ సీపీఐ నేత సురవరం సుధాకర్‌రెడ్డిని ఎన్నుకుంటే మిర్యాలగూడ కాంగ్రెస్‌ను ఎన్నుకుంది. మరుసటి ఏడాది నల్గొండ తెలుగుదేశం వైపు వెళ్తే మిర్యాలగూడ కాంగ్రెస్‌తోనే నిలబడింది. పక్కపక్కనే ఉన్న రెండు సీట్లు, రెండు వేరు వేరు తీర్పులు. ఆ రెండో తీర్పు చెప్పే హక్కునే మా నుంచి లాక్కున్నారు.

బీఎన్ 2008లోనే కన్నుమూశారు. ఆయన పుట్టిన కరివిరాల తుంగతుర్తి నియోజకవర్గంలో ఉంది. తుంగతుర్తిని కొత్తగా పుట్టిన భువనగిరి లోక్‌సభ సీటులో కలిపారు. సూర్యాపేటను నల్గొండ సీటులో కలిపారు. సూర్యాపేట మెట్టకు శ్రీరాంసాగర్ నీళ్లు రావాలని జీవితమంతా కొట్లాడిన మనిషి సొంత ఊరికీ, సూర్యాపేటకూ ఇప్పుడు ఎంపీ ఒకరు కాదు. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా అయింది. జిల్లాలో నాలుగు అసెంబ్లీ స్థానాలున్నాయి. సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగర్ ఒక ఎంపీ కింద, తుంగతుర్తి మరో ఎంపీ కింద. కలెక్టరు ఒక్కరే, జిల్లా ఒక్కటే, ఢిల్లీలో గొంతు మాత్రం రెండు ముక్కలు!

“ఉమ్మడి నల్గొండకు అప్పుడూ రెండు సీట్లే, ఇప్పుడూ రెండే. మీకు పోయిందేముంది?” అని అడిగేవాళ్లున్నారు. లెక్క చూద్దాం. ఇప్పటి నల్గొండ లోక్‌సభ సీటులో ఏడు సెగ్మెంట్లు. సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ, ఒకప్పటి చలకుర్తి స్థానంలో వచ్చిన నాగార్జునసాగర్... ఈ ఐదూ పాత మిర్యాలగూడ నేలే. వీటికి నల్గొండ పట్టణాన్నీ, దేవరకొండనూ జోడించి, మొత్తానికీ నల్గొండ పేరు పెట్టారు. మెజారిటీ మాది, పేరు వాళ్లది, పెత్తనం జిల్లా కేంద్రానిది. నల్గొండ మీద నాకు ద్వేషం లేదు. రెండు వేరు బతుకులను ఒకే మూటలో కట్టడం మీదే నా కోపం.

నీళ్ల సంగతే తీసుకోండి. సాగర్ ఎడమ కాల్వ హాలియా మీదుగా మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలకు వస్తుంది. ఆ నీటితో పండిన వడ్లే మిర్యాలగూడ మిల్లులను నడుపుతాయి. యాసంగిలో డ్యామ్ మట్టం పడిపోతే కాల్వ చివరి రైతు రాత్రంతా తూము దగ్గర కాపు కాస్తాడు. అదే సాగర్ జలాశయం నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన నీరు ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు (ఏఎమ్మార్పీ) ద్వారా తాగునీటిలో ఫ్లోరైడ్ ఉన్న పల్లెలకూ, నల్గొండ మెట్టకూ వెళ్తుంది. ఆ నీళ్లు వాళ్లకు ప్రాణావసరం, కాదనే మనిషిని కాను. అందుకే వాళ్ల తరఫున ఒక ఎంపీ గట్టిగా అడగాలి, మా తరఫున ఇంకొకరు గట్టిగా అడగాలి. ఒకే జలాశయం మీద ఆశ పెట్టుకున్న రెండు ప్రాంతాలకూ ఒకే మనిషి వకీలైతే, కరువు ఏట ఎవరి తరఫున వాదిస్తాడు? ఎటూ మాట్లాడకుండా ఊరుకుంటాడు.

రైలు సంగతీ అంతే. మిర్యాలగూడకు బీబీనగర్–నడికుడి లైనుంది. సూర్యాపేట జిల్లా కేంద్రానికి ఈనాటికీ రైలు కూత లేదు. హైదరాబాద్ పోవాలన్నా, విజయవాడ పోవాలన్నా జాతీయ రహదారి మీద బస్సే గతి. 2024లో నల్గొండ సీటులో గెలుపు ఆధిక్యం 5,59,905 ఓట్లు. అంత మెజారిటీ చేతిలో ఉన్నప్పుడు ఏ ఒక్క పట్టణం అలిగినా ఎంపీకి వచ్చే నష్టమేమిటి?

గొంతెత్తితే ఏమవుతుందో 1996లో చూశాం. ఫ్లోరైడ్ గోడు దేశానికి వినిపించాలని నల్గొండ సీటుకు 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది. ప్రభుత్వం ముందు మార్చింది నీళ్లను కాదు, డిపాజిట్‌ను! రూ.500 ఉన్నదాన్ని రూ.10,000 చేసింది. పేదవాడి నిరసనకు ధర కట్టింది.

అసలు నియోజకవర్గాల గీతలు గీసే పద్ధతే అన్యాయంగా ఉంది. రాష్ట్రానికి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు పునర్విభజన కమిషన్ పక్కన కూర్చుంటారు, ఓటు హక్కు లేకుండా. ఉత్తర్వు వచ్చాక కోర్టుకు వెళ్దామంటే రాజ్యాంగంలోని 329వ అధికరణం దాదాపు దారి మూసేసింది. మెక్సికోలో 2022లో 300 ఫెడరల్ నియోజకవర్గాలను మళ్లీ గీసినప్పుడు పార్టీలు ప్రత్యామ్నాయ పటాలు ఇచ్చాయి. ఏది మెరుగో ఒకే గణిత సూత్రంతో కొలిచారు. ఆదివాసీ సమాజాలను ముందే సంప్రదించారు. మన దగ్గర ముసాయిదా మీద బహిరంగ విచారణ ఉంటుంది. కానీ ఒక జిల్లా కేంద్రంలో జరిగే సభకు మఠంపల్లి నుంచో, నూతనకల్ నుంచో కూలి మానుకుని వచ్చే మనిషెవరు?

జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆ లెక్కల మీద మళ్లీ గీతలు పడతాయి. అందుకే ఇప్పుడే అడుగుతున్నా. సూర్యాపేట జిల్లాలోని నాలుగు స్థానాలనూ చీల్చకుండా, వాటికి మిర్యాలగూడ, నాగార్జునసాగర్‌లను కలిపి ఒక లోక్‌సభ సీటు చేయండి. పేరు మిర్యాలగూడ అనండి, సూర్యాపేట అనండి, దానికి తగవు లేదు. ముసాయిదా మీద విచారణ సూర్యాపేటలో ఒకరోజు, కోదాడలో ఒకరోజు, మిర్యాలగూడలో ఒకరోజు పెట్టండి. ఇక్కడి ఎమ్మెల్యేలు ఆరుగురూ ఏ పార్టీ వాళ్లయినా సరే, ఈ డిమాండ్ మీద సంతకం పెట్టి అసెంబ్లీలో చదవాలి. పెట్టనివాళ్ల పేర్లు ఊరూరా గోడల మీద రాయాలి.