పోతన పద్యము – పసివారి నోరు

ఓరుగల్లు సీమ బిడ్డకు పోతన పరాయివాడు కాడు. బమ్మెర నేడు జనగామ జిల్లాలో చేరినను, 2016 వరకు వరంగల్లు జిల్లా గ్రామమే. అట్టి సీమలో భాగవత పద్యము పసివారి నోట నెట్లు వినబడుచున్నది? వార్షికోత్సవమున నొక బాలుడు వేదిక నెక్కును. ఊపిరి బిగబట్టి గజేంద్రమోక్షములోని పద్యమును ఒక్క పరుగున ముగించును. సభ చప్పట్లు కొట్టును. ఏనుగు ఎవరిని పిలిచినది, ఏల పిలిచినది యని ఆ బాలుని అడుగువారు లేరు. న్యాయస్థానమున ఒరులు నేర్పిన మాటలు వల్లించు సాక్షి రెండవ ప్రశ్నకే తడబడును. మన బిడ్డలను అట్టి సాక్షులను జేయుట తగునా?

దోషము పిల్లలది కాదు, నేర్పు పద్ధతిది. సంస్కృత శ్లోకమున యతి యనగా విరామము. తెలుగు పద్యమున యతి యనగా అక్షరమైత్రి. ఈ భేదము మరచి, ఉత్పలమాలలో 10వ అక్షరమునకు ముందు, చంపకమాలలో 11వ అక్షరమునకు ముందు ఆపి చదివించినచో పదము నడిమికి విరుగును. దానితో అర్థమును విరుగును.

కావున కథ ముందు, పద్యము తరువాత. ఉపాధ్యాయుడు మొదట తానే గొంతెత్తి చదువవలెను. సంధులు విడదీసి, భావము నిలిచినచోట నిలిపి పలికింపవలెను. రాగము తుదిమాట. పిదప సప్తమస్కంధములోని ప్రహ్లాదచరిత్రను పాత్రలుగా పంచవలెను: ఒకరు తండ్రి, ఒకరు కొడుకు, ఇద్దరు గురువులు, తక్కినవారు సహపాఠులు. మంచి గొంతుగల ఒక్కరికే గాక, తరగతిలోని ప్రతి బిడ్డకును ఒక పాదమైన దక్కవలెను.

ఆ కథయందే మనకు పాఠ మున్నది. చదివిన దేమో చెప్పుమని తండ్రి యడుగగా, ఆ బాలుడు గురువులు వల్లెవేయించిన దానిని అప్పగింపలేదు; తన మనసునకు సత్యమని తోచినదే పలికెను. పద్యము నేర్పుట యిందులకే: బిడ్డకు నిర్భయమైన నోరు నిచ్చుటకు.

నిజాము పాలనలో బడులందు తెలుగునకు చోటు కరవైన దినములను ఈ సీమ చూచినది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన పెద్దలు ఆ కొరతను గుర్తెరిగినవారే. నేడు 2018 నాటి చట్టము పాఠశాలలందు తెలుగు బోధనను తప్పనిసరి చేసినది. 2022-23 నుండి ప్రభుత్వ పాఠశాలలందు ఆంగ్లమాధ్యమమును వచ్చినది. ఆంగ్లము వలదని మేము వాదించుటలేదు. చట్టము తెలుగునకు గంటను కేటాయింపగలదు, గొంతు నీయజాలదు. ఆ పని మనది.

ప్రధానోపాధ్యాయులారా, వారమున ఒక్క గంట పద్యమున కిండు. గ్రంథాలయ పాలకులారా, ఆదివారపు ఉదయమున మీ పఠనమందిరమును పిల్లలకు విడువుడు. నోట పద్యములున్న వృద్ధులు ఇంకను మన వీథులలో నున్నారు. వారిని పిలువుడు, ఆలస్యమైనచో పిలుచుటకు వారుండరు.